తేదీ అచ్చు వెయ్యని గడువులు

మా ఇంట్లో ముగ్గురం పింఛనుదారులం, ముగ్గురివీ మూడు గడువులు. నేను రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా ఆవిడ తపాలా శాఖలో చేసింది. బావగారు ఉయ్యూరు చక్కెర మిల్లులో పనిచేసి, భవిష్యనిధి సంస్థ ఇచ్చే ఈపీఎస్ పింఛను తీసుకుంటున్నారు. ఆయనా అక్కయ్యా ఇప్పుడు విజయవాడలో మా కింది వాటాలోనే ఉంటున్నారు.

"అందరూ ఒకేసారి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేస్తే పోలా నాన్నా" అంటుంది మా అమ్మాయి. కుదరదు. నవంబరు నెల కేంద్ర పింఛనుదారులకు; వాళ్ళలో ఎనభై దాటినవారి దగ్గర అక్టోబరు ఒకటి నుంచే తీసుకుంటారు. మన రాష్ట్ర ఖజానా శాఖకైతే జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి ఆఖరులోగా ఇవ్వాలి. ముందే నవంబరులో ఇచ్చి ఊరుకుంటే అది లెక్కలోకి రాదు. ఈపీఎస్ వారికి ఫలానా నెల అంటూ లేదు. ఇచ్చిన రోజు నుంచి పన్నెండు నెలలు చెల్లుతుంది. అందుకని మా ఆవిడది కార్తీక మాసంలో, నాది సంక్రాంతి వెళ్ళగానే, బావగారిది ఆగస్టులో. వంటగది గోడకున్న వెంకట్రామా వారి కేలండరులో ఏకాదశుల పక్కనే ఇవి కూడా ఎర్ర పెన్నుతో రాసి ఉంటాయి.

ఆధార్‌తో ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో మొదలైంది. మిల్లులో ఏళ్ళ తరబడి పనిచేసిన బావగారి వేలిముద్రలు అరిగిపోయాయి, యంత్రం పట్టదు. 2021 నవంబరులో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి రావడం ఆయనలాంటి వాళ్ళకు పెద్ద మేలు. ముఖం మీద వెలుతురు పడేట్టు కిటికీకి ఎదురుగా కుర్చీ వేసి, కళ్ళజోడు తీయించి, ఫోను ఆయన కళ్ళకు సమానంగా పట్టుకుంటాను. రెప్ప వేయమంటుంది. ఆయన నెమ్మదిగా రెప్ప వేసి తెరవగానే ముఖం చుట్టూ ఉన్న గీత పచ్చబడుతుంది. ప్రమాణ్ ఐడీ మెసేజీ వచ్చిందని అక్కడితో వదిలేయను. సర్టిఫికెట్ తయారవడం వేరు, పింఛను ఇచ్చే కార్యాలయం దాన్ని అంగీకరించడం వేరు. పింఛను ఉత్తర్వు (పీపీఓ) నంబరులో ఒక్క అంకె తప్పు పడినా తిరస్కరిస్తారు. కొన్నాళ్ళాగి ఆ ఐడీతో మళ్ళీ చూసి, అంగీకరించినట్టు కనబడ్డాకే కేలండరులో టిక్కు పెడతాను.

తేదీ అచ్చు వేసి ఉన్న కార్డుల గురించి నాకంత బెంగ లేదు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఎప్పటిదాకా చెల్లుతుందో రాసే ఉంటుంది, ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు. ఎక్కడా అచ్చు కాని గడువులే మన డబ్బు తినేది.

కొన్నిటిని అసలు రెన్యువల్ చేయించాలా అన్నది కూడా చూసుకోవాలి. అరవై నిండకముందు నేను ఏటా ఆర్టీసీ క్యాట్ కార్డు కొనేవాణ్ణి, టికెట్ మీద పది శాతం తగ్గేది. అరవై నిండాక ఆధార్ చూపిస్తే ఇరవై అయిదు శాతం తగ్గిస్తున్నారు. ఇక ఆ కార్డుకు డబ్బు కట్టడం దేనికని మానేశాను. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చాక మా ఆవిడకూ అక్కయ్యకూ పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా టికెట్ ఖర్చే లేదు. రైల్లో పెద్దవయసు మగవారికి నలభై, ఆడవారికి యాభై శాతం ఉండే రాయితీ 2020 మార్చి 20 నుంచి ఆగిపోయింది. మధ్యతరగతి ముసలివాళ్ళకు అది తిరిగి ఇవ్వాలని గట్టిగా కోరుకునేవాళ్ళలో నేనొకణ్ణి. అయితే కింది బెర్తు కోటా అలాగే ఉంది, బుకింగులో వయసు సరిగా వేస్తే చాలు.

డబ్బు పరంగా బాగా ఆలోచించింది మా ఆవిడ సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) కార్డు గురించి. ఏటా చందా కట్టొచ్చు, లేదా పదేళ్ళది ఒకేసారి కట్టి జీవితకాలపు కార్డు తీసుకోవచ్చు. ఆమె స్థాయికి నెలకు 450 రూపాయలు, అంటే ఏడాదికి 5,400, పదేళ్ళకు 54,000. ఆ 54,000 సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 8.2 శాతానికి వేస్తే ఏడాదికి వచ్చేది 4,428. చందాకే చాలదు. పైగా చందా రేట్లు రేపు పెరగొచ్చు. గ్రాట్యుటీ డబ్బులోంచి ఒకేసారి కట్టేశాం. లెక్కకు మించిన లాభం ఏమిటంటే, ఇక దానికి గడువు అనేదే లేదు. ఎనభయ్యేళ్ళప్పుడు ఏ తేదీ గుర్తుంటుందో ఎవరు చెప్పగలరు?

బావగారికి ఆ వసతి లేదు. ఈపీఎస్‌లో కనీస పింఛను 2014 నుంచీ వెయ్యి రూపాయల దగ్గరే ఉంది. ఆయనకూ అక్కయ్యకూ ఉన్న ఆరోగ్య బీమా ప్రీమియం ఆయనా నేనూ చెరిసగం వేసుకుంటాం. ప్రీమియంలో పన్నెండో వంతు నెలనెలా బ్యాంకు ఆర్‌డీలో పడుతుంది; పాలసీ తేదీకి నెల ముందు అది చేతికొస్తుంది. గడువు దాటాక ముప్పై రోజుల వెసులుబాటు ఉంది కదా అనేవాళ్ళున్నారు. ఆ రోజుల్లో కడితే పాత పాలసీ కొనసాగే మాట నిజమే. కానీ ఏడాది ప్రీమియం కట్టేవారికి, కట్టకుండా గడిచిన ఆ రోజుల్లో ఆసుపత్రిలో చేరితే ఖర్చు రాదు. ఆ ముప్పై రోజులూ దాటితే షుగరు, బీపీలకు తీరిన నిరీక్షణ కాలం మళ్ళీ మొదటికొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. అయినా ఆర్‌డీ వాయిదా తగ్గించలేదు, వయసుతో పాటు ప్రీమియం పెరగక మానదు కనుక.

సీనియర్ సిటిజన్ పొదుపు పథకం గడువు మరీ నిశ్శబ్దంగా దాటిపోతుంది. అయిదేళ్ళు నిండాక ఏమీ చేయకపోతే ఆ తరవాత పొదుపు ఖాతా వడ్డీ నాలుగు శాతమే. పది లక్షల మీద 8.2 శాతమైతే ఏడాదికి 82,000, నాలుగు శాతమైతే 40,000. గడువు తీరిన ఏడాదిలోగా ఫారం ఇస్తే మూడేళ్ళు పొడిగిస్తారు. నేను పాసుపుస్తకం అట్ట మీదే ఆ తేదీ పెద్ద అక్షరాలతో రాశాను.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగినప్పుడు అక్కయ్యా బావగారూ సింగ్‌నగర్‌లో ఉన్నారు. బీరువా కింది అరలో ఉన్న పీపీఓ, బీమా పత్రాలు, పాసుపుస్తకాలు ముద్దయిపోయాయి. కార్డులైతే మళ్ళీ ఇప్పించుకోవచ్చు. ఏ నంబరు ఎక్కడిదో, ఏది ఎప్పుడు కట్టాలో రాసుకున్న కాగితం కూడా తడిసిపోవడమే అసలు కష్టం. అప్పటి నుంచి ఆధార్ డిజీలాకర్‌లో పెట్టాం. మిగతావన్నీ ఫొటో తీసి అమ్మాయి ఫోనుకు పంపాం. అసలు పత్రాలు మేడ మీద గదిలో, పై అరలో.

నంబర్లూ గడువులూ మళ్ళీ రాసుకున్న జాబితాకు ఈమధ్యే ఇంకో పేజీ చేర్చాను: మాలో ఒకరు లేకపోతే రెండోవారు ఏం చేయాలి. ఖజానాకు కబురు పెట్టి కుటుంబ పింఛను మొదలు పెట్టించుకోవడం, ఈపీఎస్‌లో భార్యకు వచ్చే పింఛనుకు దరఖాస్తు, పొదుపు పథకంలో జంట ఖాతా ఉన్నా, భార్య ఒక్కతే నామినీ అయినా ఖాతాను ఆమె కొనసాగించుకోవచ్చన్న సంగతి, అన్నీ రాశాను. అక్కయ్య కళ్ళజోడు పెట్టుకుని తన పేజీ వరుసవరుసా చదివింది. ఆధార్‌లో తన పేరు ఇంటిపేరుతో ఉందనీ, బావగారి పింఛను పడే బ్యాంకు ఖాతాలో తన పేరుకు ఇంటిపేరు లేదనీ తనే పట్టుకుంది. సోమవారం ముగ్గురం బ్యాంకుకు వెళ్ళి ఆ పేరు సరిచేయించబోతున్నాం.