ఒక కంట వెన్న, ఒక కంట సున్నం

1990 అక్టోబర్ 21న జపాన్‌లోని సుజుకా ట్రాక్ మీద ఫార్ములా వన్ టైటిల్ పోరు తొలి మలుపులోనే ముగిసిపోయింది. మెక్‌లారెన్ కారులో ఐర్టన్ సెన్నా, ఫెరారీలో అలాన్ ప్రోస్ట్. పాయింట్లలో సెన్నాదే పైచేయి. ఇద్దరూ రేసు పూర్తి చేయకపోతే ఛాంపియన్ అతనే. స్టార్ట్‌లో ముందుకు దూసుకెళ్లిన ప్రోస్ట్ మొదటి మలుపు తిరగబోయాడు. సెన్నా తగ్గలేదు, నేరుగా వెళ్లి గుద్దాడు. రెండు కార్లూ దుమ్ము లేపుకుంటూ పక్కనున్న కంకరలోకి పోయి ఆగాయి.

ఇదంతా నాకు తెలుసు. అయినా 1994 మే 1న ఇమోలాలో సెన్నా చనిపోయాక మా పత్రికకు నేను రాసిన నివాళిలో సుజుకా ఊసే లేదు. వానలో అతను కారు నడిపే తీరు రాశాను. 1984లో మొనాకోలో టోల్‌మన్ లాంటి చిన్న టీమ్ కారుతో రెండో స్థానంలో నిలవడం రాశాను. 1992లో బెల్జియంలో ఎరిక్ కోమా కారు ప్రమాదానికి గురైతే, సెన్నా తన కారు ఆపి ట్రాక్ మీద పరుగెత్తుకుంటూ వెళ్లి ఆ కారు ఇంజిన్ ఆపేసిన సంగతి మరీ వివరంగా రాశాను.

చావింట్లో తప్పులెంచకూడదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం అభిమానం. సుజుకా గురించి ఎవరైనా ఎత్తితే సమాధానం నా నాలుక చివరే ఉండేది. అంతకు ముందు ఏడాది అదే ట్రాక్ మీద ఇద్దరూ ఢీకొన్నారు. సెన్నా కారును మళ్లీ కదిలించి గెలిస్తే అధికారులు అనర్హుడన్నారు, టైటిల్ ప్రోస్ట్‌కు పోయింది. 1990లో పోల్ పొజిషన్ సాధించినా పట్టు తక్కువగా ఉండే వైపు చోటిచ్చారు, మార్చమంటే మార్చలేదు. ఇవన్నీ నిజాలే. అతని కోపానికి కారణముంది. ఆ కోపం ఎలా తీర్చుకున్నాడన్నదే నేను చూడదలచుకోలేదు. అప్పట్లో రేసు మధ్యలో ఇంధనం నింపుకునే వీల్లేదు కాబట్టి కార్లన్నీ ట్యాంకులు నింపుకుని బయల్దేరేవి. అలాంటివి ఇరవైకి పైగా వెనకాలే వస్తుంటే అతను ఆ పని చేశాడు. ఏడాది తర్వాత, మూడో టైటిల్ గెలిచాక, కావాలనే చేశానని విలేకరుల ముందు తనే ఒప్పుకున్నాడు. తప్పు చేసినవాడే ఒప్పుకున్న దాన్ని నేను దాచాను.

1997 అక్టోబర్‌లో స్పెయిన్‌లోని హెరెస్‌లో మైకేల్ షూమాకర్ ఒక్క పాయింటు ఆధిక్యంతో చివరి రేసుకు దిగాడు. జాక్ విల్నెవ్ తనను దాటబోతుంటే కారును అతని మీదికి తిప్పాడు. ఈసారి కంకరలో ఇరుక్కుపోయింది గుద్దినవాడే. ఆ రాత్రి డెస్కులో కూర్చుని వార్తకు ‘మోసం’ అని శీర్షిక పెట్టాను. పక్క కుర్చీలోని కుర్రాడు ప్రూఫు చూస్తూ, “అన్నా, సెన్నా చేసిందీ ఇదే కదా?” అన్నాడు. దెప్పడానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. “అది వేరు” అన్నాను. ఎలా వేరో చెప్పమంటే నోట మాట రాలేదు. శిక్ష విషయానికొస్తే షూమాకర్‌ను ఆ సీజన్ ఛాంపియన్‌షిప్ పట్టిక నుంచే తొలగించారు. సెన్నాకు టైటిల్ దక్కింది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పాత రేసుల సంగతులు మళ్లీ చదవడం మొదలుపెట్టాను. 1958 పోర్చుగల్ రేసు చివర్లో మైక్ హాథార్న్ కారు ఆగిపోతే, రేసు సాగే దిశకు ఎదురుగా తోసుకుంటూ స్టార్ట్ చేశాడు. అధికారులు అతని రెండో స్థానాన్ని రద్దు చేయబోయారు. ఆ రేసు గెలిచిన స్టిర్లింగ్ మాస్, టైటిల్ కోసం హాథార్న్‌తోనే పోటీ పడుతున్నవాడు, స్వయంగా వెళ్లి ప్రత్యర్థి తరఫున సాక్ష్యం చెప్పాడు. హాథార్న్ పాయింట్లు నిలిచాయి. ఏడాది చివర 42–41తో హాథార్న్ ఛాంపియన్ అయ్యాడు. ఆ సీజన్‌లో మాస్ గెలిచినవి నాలుగు రేసులు, హాథార్న్ గెలిచింది ఒకటే. మాస్‌కు ప్రపంచ టైటిల్ ఎన్నడూ రాలేదు. అంతవరకూ నేను అతన్ని ‘టైటిల్ లేని గొప్ప డ్రైవర్’ అని ఒక్క వాక్యంలో జాలిపడి వదిలేసేవాణ్ని. ఆ సాక్ష్యం గురించి ఒక్కసారైనా రాయలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మాత్రం ప్రోస్ట్ విషయం. సెన్నాను నిలబెట్టడానికి అతన్ని ఏళ్ల తరబడి కుట్రదారుగా చూపించాను. సావో పాలోలో సెన్నా శవపేటిక మోసినవాళ్లలో ప్రోస్ట్ ఉన్నాడు. అంత్యక్రియల వార్తలోంచి ఆ వాక్యం కత్తిరించింది నేనే. నేను అల్లిన కథలో అది ఇమడలేదు.

సెన్నా మీద అభిమానం తగ్గలేదు. వానలో అతను నడిపిన రేసు ఎక్కడ కనబడినా పని ఆపి చూస్తాను. అయితే అతని గురించి ఇప్పుడు రాసేటప్పుడు 1990 సుజుకా కూడా రాస్తాను, వెనక వస్తున్న కార్లతో సహా. ఆ మలుపులో ప్రోస్ట్ తప్పేమీ లేదని కూడా రాస్తాను.