ఆ కొండల అవతల ఏం ఎగిరింది?

గట్టిగా లెక్కపెడితే యాభైమంది ఉంటారేమో ఆ ఊళ్లో. ఒక హోటలు, కొన్ని ఇళ్లు, చుట్టూ ఎడారి. అయినా ఎక్కడెక్కడి నుంచో జనం వెతుక్కుంటూ వెళ్తారు. ఊరిని చూడ్డానికి కాదు... తలెత్తి ఆకాశాన్ని చూడ్డానికి!

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఉన్న ఆ ఊరి పేరు రేచల్. లాస్‌వెగాస్ నుంచి దాదాపు 240 కిలోమీటర్లు. దారిలో ఊళ్లు తక్కువ కాబట్టి కారు ట్యాంకు నింపుకునే బయల్దేరాలి. ఊరి మీదుగా పోయే 375వ నంబరు రోడ్డుకి 1996లో అధికారికంగానే 'ఎక్స్‌ట్రా టెరెస్ట్రియల్ హైవే' అని పేరు పెట్టారు. అంటే గ్రహాంతరవాసుల రహదారి అన్నమాట. ఇంత హడావుడీ ఎందుకంటే, ఆ కొండల అవతలే ఉంది ఏరియా 51.

శత్రువు లోహంతోనే...

గ్రూమ్ లేక్ అనే ఎండిపోయిన ఉప్పు సరస్సు అది. చుట్టూ కొండలు, మధ్యలో పలకలాంటి నేల. 1955లో యు-2 గూఢచారి విమానాన్ని పరీక్షించడానికి సీఐఏ ఈ చోటును ఎంచుకుంది. 1962లో ధ్వనికి మూడు రెట్ల వేగంతో వెళ్లే ఏ-12 ఇక్కడే గాల్లోకి లేచింది. దాని తమ్ముడే ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్. 1976లో అది గంటకు 3,529 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. ఆ లెక్కన హైదరాబాద్ నుంచి విశాఖకు తొమ్మిది నిమిషాలు! తమాషా ఏంటంటే, దాని ఒంటికి కావలసిన టైటానియాన్ని బినామీ కంపెనీల ద్వారా సోవియట్ యూనియన్ నుంచే కొన్నారు. నిఘా పెట్టింది ఆ దేశం మీదే మరి.

'అరోరా' వచ్చిందా?

1990లో బ్లాక్‌బర్డ్‌కి వాయుసేన వీడ్కోలు పలికింది. 'అంతకన్నా వేగమైంది చేతిలో లేకుండా దీన్నెందుకు పక్కన పెడతారు?' అన్న అనుమానం మొదలైంది. 1985 నాటి బడ్జెట్ పత్రాల్లో 'అరోరా' అనే పద్దు కనిపించడంతో పుకారుకి పేరు కూడా దొరికింది. 1989 ఆగస్టులో ఉత్తర సముద్రంలో చమురు బావి మీద పనిచేస్తున్న క్రిస్ గిబ్సన్ నల్లని త్రిభుజంలాంటి విమానాన్ని చూశానన్నాడు. విమానాలను గుర్తుపట్టడంలో శిక్షణ పొందినవాడాయన. 1991లో దక్షిణ కాలిఫోర్నియాలోని భూకంప పరికరాలు అంతుచిక్కని మోతలను నమోదు చేశాయి. ఇంకేం... అందరి నోటా అరోరానే!

బ్లాక్‌బర్డ్‌ను తయారుచేసిన సంస్థలో ఆ రహస్య విభాగానికి అధిపతిగా పనిచేసిన బెన్ రిచ్ మాత్రం, అది బి-2 బాంబర్ పోటీకి కేటాయించిన నిధుల మారుపేరేనని 1994లో తన పుస్తకంలో రాశాడు. నమ్మినవాళ్లు నమ్మారు. అరోరా ఉందనడానికి రుజువైతే ఇప్పటికీ లేదు.

రహస్యం ఖరీదు

పుకార్లు సరదాగానే ఉంటాయి. కానీ రహస్యం మనుషుల మీద కూడా పడింది. స్థావరంలో గోతులు తవ్వి తగలబెట్టిన రసాయనాల పొగ వల్ల జబ్బుపడ్డామంటూ కొందరు కార్మికులు, చనిపోయిన ఇద్దరి భార్యలు 1994లో కోర్టుకెక్కారు. వాళ్లు ఏం పీల్చారో చెప్పాలంటే అక్కడ ఏం కాల్చారో చెప్పాలి. ఆ వివరాలు బయటపెట్టనక్కర్లేదని 1995లో అధ్యక్షుడు క్లింటన్ మినహాయింపు ఇచ్చారు. కేసు నిలవలేదు. ఏరియా 51 పేరును సీఐఏ తన పత్రాల్లో కొట్టివేయకుండా బయటపెట్టింది 2013లోనే.

ఇప్పుడు స్థావరాన్ని చూడాలంటే టికాబూ శిఖరం ఎక్కాల్సిందే. దగ్గరి కొండలను 1995లో మూసేశారు. అక్కడి నుంచి 42 కిలోమీటర్ల దూరంలో, బైనాక్యులర్స్‌లో కొన్ని షెడ్లు కనిపిస్తాయి. అంతే! లోపలేముందో మాత్రం ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకోవాల్సిందే. వెళ్లినవాళ్లు ఆకాశంలో విమానాన్ని వెతుకుతారు. ఆ పొగ పీల్చినవాళ్లు వెతికింది మాత్రం ఒక్క జవాబు కోసం.