రోడ్డులో గుంత, రాతిలో గుంత

గుంతల గురించి మనకు కొత్తగా చెప్పేదేముంది అనుకుంటారు. కోయంబత్తూరులో టౌన్ బస్సు ఎక్కితే నడుమే చెప్తుంది. అయినా గుంత ఎట్లా పడుతుందో అడిగితే అందరూ లారీల మీద వేస్తారు. లారీ తొక్కేది ఆఖర్న. ముందు పని మొదలుపెట్టేది నీళ్ళు.

తారు ఎండకు బిరుసెక్కి సన్నగా పగులుతుంది. పగులు వెంట్రుకంత ఉన్నా చాలు, వాననీళ్ళు లోపలికి దిగుతాయి. కింద పరచిన కంకర, మన్ను నాని మెత్తబడతాయి. చక్రం పోయినప్పుడల్లా తారు వంగి లేస్తుంది. నీళ్ళు బురదను పట్టుకుని పగుల్లోనుంచి పైకి చిమ్ముతాయి. అట్లా కింద డొల్ల పడి, ఒకరోజు పైన ముక్క ఊడిపోతుంది. ఇంక అంచులు విరుగుతానే ఉంటాయి.

మన పక్క నల్లరేగడి తోడయింది. తమిళంలో కరిసల్ అంటారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విడుస్తుంది. మదురై నుంచి తిరుమంగలం, విరుదునగర్ పక్కకు పోయినా ఇదే మన్ను. పైన రోడ్డు వేస్తే అది కూడా దాంతోపాటే లేచి దిగి పగులుతుంది. మన పెద్దవాళ్ళు తెలుగు దేశం నుంచి వచ్చి దున్నింది ఈ మన్నునే. ఇందులో పత్తి పండబట్టే 1888లో రాబర్ట్ స్టేన్స్ దొర కోయంబత్తూరులో మిల్లు పెట్టినాడు. 1930ల మొదట్లో పైకారా కరెంటు వచ్చినాక ఇంకా ఎన్నో మిల్లులు లేచినాయి. ఆ మన్ను మీద నాకు కోపం లేదు. దాని గుణం తెలిసీ పక్కన కాలవ తీయకుండా రోడ్డు వేసేవాళ్ళను చూస్తేనే మండుతుంది.

పోయినేడు నేనూ మా ఇంటామె హొగెనకల్ పోయినాము. ధర్మపురి దాకా పోయి, అక్కణ్ణుంచి పెన్నాగరం మీదుగా ఇంకో బస్సు. హొగె అంటే కన్నడంలో పొగ, కల్ అంటే రాయి. కావేరి తుంపర నిజంగానే పొగలాగా లేస్తుంది. నూనె మాలిష్ చేసేవాళ్ళు ఒకపక్క, చేపలు వేయించేవాళ్ళు ఒకపక్క పిలుస్తానే ఉంటారు. పుట్టి ఎక్కడానికి ఆమెకు భయం. అందుకని నీళ్ళు తగ్గినచోట బండల మీద కూర్చున్నాము. ఆ బండల్లో గుండ్రటి గుంతలు. కొన్ని గిన్నెంత, కొన్ని గంగాళమంత. లోపల తడిమితే కుండ లోపలిలాగా నున్నగా ఉంది. ఒకదాని అడుగున నాలుగు గులకరాళ్ళు.

"ఈ రోళ్ళు ఎవరు తొలిచినారండీ?" అని అడిగింది ఆమె.

తొలిచింది ఆ గులకరాళ్ళే. వరదలో నీళ్ళు ఒక చిన్న పల్లం దగ్గర సుడి తిరుగుతాయి. సుడిలో చిక్కిన ఇసక, రాళ్ళు గిర్రున తిరిగి బండను అరగదీస్తాయి. అవి అరిగిపోతే ఇంకో వరద ఇంకో రాళ్ళను తెచ్చి వేస్తుంది. వేల ఏండ్ల పని అది. రింగ్ ఫ్రేమ్‌లో చేసినవాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. ట్రావెలర్ ఎంత? గోరంత కూడా లేదు. అది తిరిగి తిరిగి రింగునే అరగదీయడంలేదా? మహారాష్ట్రలో నిఘోజ్ దగ్గర కుకడీ నది కూడా నల్లరాతిని ఇట్లాగే తొలిచింది. అక్కడివాళ్ళు వాటిని నీళ్ళ కుండలతో పోల్చి రాంజణ్ అంటారంట.

రాతిలో గుంతను చూడ్డానికి జనం టిక్కెట్టు కొని పోతారు. రోడ్డులో గుంతకు ఒక్క వానకాలం చాలు.

నాతో పనిచేసిన ఒకాయన నైట్ షిఫ్టు విడిచి సైకిల్ మీద వస్తా వస్తా వాననీళ్ళు నిండిన గుంతలో పడినాడు. నీళ్ళు నిండితే లోతు తెలీదు గదా. మోకాలు చిప్ప పగిలింది. బదిలీ పనివాడు, పనికి రాని నాటికి కూలి లేదు. ఆరు నెలలకు లేచినాడు గానీ ఫ్రేమ్ దగ్గర ఎనిమిది గంటలు నిలబడే కాలు మళ్ళీ రాలేదు. ఆయన భార్య వేస్ట్ కాటన్ ఏరే పనికి పోయింది. పెద్దపిల్ల ఎనిమిదో తరగతితో బడి మానింది.

ఇప్పుడు మా లైన్ వీథిలో పైపు కోసం తవ్వి, మన్ను తోసి పోయినారు. దిమ్మిస కొట్టలేదు. ఐప్పసి వానలు పడితే అది తప్పకుండా దిగుతుంది. అందాకా పిల్లలకు తెలిసేట్టు వేపకొమ్మ ఒకటి గుచ్చి పెట్టినాము. కాలవ పూడిక తీస్తే నీళ్ళు రోడ్డు మీద నిలవవు. వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు నలుగురం దిగుతున్నాము. పార ఉన్నవాళ్ళు పార తెండి.