రిడ్జి అడవిలో వాటాదారులు లేని మహలు

ఢిల్లీకి బదిలీపై వచ్చిన మన ఉద్యోగుల కుటుంబాలు కుతుబ్ మీనారును, ఎర్రకోటను చూడక మానవు. మాల్చా మహల్ పేరు మాత్రం పలువురు విని ఉండరు. సర్దార్ పటేల్ మార్గ్ నుండి రిడ్జి అడవిలోనికి సాగే దారిలో, ఇస్రో భూకేంద్రం సమీపాన ఉన్నదీ కట్టడం. 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ వేటవిడిదిగా కట్టించినది. మేము వెళ్ళిననాడు తలుపులు లేని కమానుల కింద గబ్బిలాల కంపు తప్ప మనిషి అలికిడి లేదు.

అవధ్ నవాబుల వంశీకులమని ప్రకటించుకొని, న్యూఢిల్లీ రైల్వే స్టేషను విశ్రాంతి గదిలో దాదాపు పదేళ్ళు గడిపిన బేగం విలాయత్ మహల్‌కు ప్రభుత్వం ఈ శిథిలాన్ని కేటాయించినది. 1985లో ఆమె కుమారునితో, కుమార్తెతో, వేటకుక్కలతో ఇక్కడ చేరారు. విద్యుత్తు లేదు, కుళాయి లేదు. 1993లో ఆమె, తరువాత కుమార్తె, 2017లో కుమారుడు అలీ రజా కన్నుమూశారు. ఆ వంశకథ కల్పితమని 2019లో న్యూయార్క్ టైమ్స్ వెల్లడించినది. ఇంగ్లండులోని అన్నగారొకరు ఏళ్ళ తరబడి డబ్బు పంపుతుండేవారట!

మన ఊళ్ళలో తాతగారి పెంకుటింటికి పదిమంది వాటాదారులు తేలుతారు. ఇక్కడ ఒక్కరూ లేరు. 2023లో ఢిల్లీ పర్యాటక శాఖ దీనిని దయ్యాల విహారంలో చేర్చినది. మాకది రుచించలేదు. తుగ్లక్ కమానులను బాగుచేసి, ఆ కుటుంబం గురించి ఒక ఫలకం నిలిపితే చాలును. దానిపై వారు చెప్పుకొన్న పేర్లు చెక్కాలా, అసలు పేర్లా అన్నచోట మాత్రం, తిరుగు ప్రయాణమంతా వాదించుకొన్నా, మాలో ఏకాభిప్రాయం కుదరలేదు.