‘సిటడెల్’ చిత్రమును చూచిన పిదప

గత వేసవి సెలవులలో మేము ‘ది సిటడెల్’ అను పాత ఆంగ్ల చలనచిత్రమును చూచితిమి. ఇది 1938వ సంవత్సరమున వెలువడినది. దర్శకుడు కింగ్ విడార్. నాయక పాత్రధారి రాబర్ట్ డోనట్. స్కాట్లండు దేశీయుడగు ఏ. జె. క్రోనిన్ 1937లో ప్రకటించిన నవల దీనికి మూలము. క్రోనిన్ స్వయముగా వైద్యుడు. వేల్సు దేశపు బొగ్గుగనులలోని పనివారికి చికిత్స చేసినవాడు. కావుననే ఇందలి దగ్గులును, మందుసీసాలును, మురుగుకాలువలును కల్పితములుగా తోచవు.

ఆండ్రూ మేన్సన్ అను యువకుడు పట్టము పుచ్చుకొన్న క్రొత్తలో ఒక గనుల పల్లెకు సహాయవైద్యుడుగా వచ్చును. చచ్చి పుట్టినదని అందరును విడిచిన శిశువునకు ఊపిరి వచ్చువరకు శ్రమించును. చెడిన మురుగుకాలువ వలన ఊర సన్నిపాత జ్వరము వ్యాపింపగా, అధికారులు కదలనందున, డెన్నీ అను తోడి వైద్యునితో కలిసి రాత్రివేళ ఆ కాలువను మందు పెట్టి పేల్చివేయును! (మా విద్యార్థులు ఈ భాగమును మాత్రము అనుకరింపకుందురు గాక.) క్రిస్టీన్ అను ఉపాధ్యాయినితో ఆమె తరగతిలోనే వాదమునకు దిగి, పిమ్మట ఆమెనే వివాహమాడును. బొగ్గుధూళికిని క్షయకును గల సంబంధమును పరిశోధింపబోగా, ఎవరి మేలు కొరకు పాటుపడెనో ఆ గనివారిలోనివారే అతని ప్రయోగశాలను పగులగొట్టుదురు.

ఇంతవరకు అతడు దరిద్రుడు, కాని నిటారుగా నిలిచినవాడు. లండను చేరినపిదప కథ మారును. మమ్ము కలవరపెట్టినది ఈ భాగమే. ఎవరును అతనిని పాపము చేయుమని కోరరు. పాత స్నేహితుడొకడు ఎదురై నవ్వుచు పలుకరించును. ధనవంతులగు స్త్రీల లేని రోగములకు మందిచ్చిన చాలును, రుసుము చేతబడును. మొదటి రుసుమును పుచ్చుకొనునపుడు అతని ముఖమున భయము లేదు, సంతోషమే యున్నది.

ఇచ్చట మా సంగతి యొకటి చెప్పక తీరదు. ఇరువది యేండ్లకు పైబడినది. శిక్షణ ముగించుకొని యొక పాఠశాలలో తాత్కాలికముగా చేరియుంటిమి. పదవ తరగతి బాలురిద్దరికి హాజరు చాలలేదు. ఒకడు ఊరి పెద్దమనిషి కుమారుడు. ఆయన ఒక్కమాట చెప్పిన మా యుద్యోగము స్థిరపడును. రెండవవాడు, తండ్రి మంచమెక్కగా, మిరపకాయల కోతకు పోయినవాడు. ఒకనాటి సాయంత్రము పెద్దమనిషి మా యింటికి వచ్చి, కాఫీ త్రాగి, “నాలుగు గీతలే గదా, మాస్టారూ” అనెను. బెదిరింపలేదు, డబ్బు చూపలేదు. మేము గీతలు దిద్దితిమి. రెండవవాని కొరకు మా గడప నెవరును తొక్కలేదు. వాడు ఆ యేడు పరీక్షకు కూర్చుండలేదు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఉద్యోగము కొరకు వేడుకొంటిమి గాని, హాజరుపట్టీ మాట యెత్తలేదు. ఉద్యోగము స్థిరపడినది.

మేన్సనునకు మెలకువ వచ్చుటకు ఒక ప్రాణము పోవలసివచ్చెను. డెన్నీ బండి తగిలి పడిపోగా, మేన్సను తోడి ఘరానా వైద్యుడొకడు శస్త్రచికిత్సను చెడగొట్టును, డెన్నీ మరణించును. నవలలో డెన్నీ బ్రతుకును, క్రిస్టీన్ మరణించును. చిత్రమున అది తారుమారైనది. మాకు చిత్రపు మార్పే మేలనిపించినది. తొలిదినములలో తన ప్రక్కన నిలిచినవానినే అతడు పోగొట్టుకొనెను గదా. పిమ్మట అతడు ఒక పేదబాలికను, పట్టము లేకున్నను విద్య గల వైద్యుని యొద్దకు చేర్చి, అందుకై వైద్యసభ యెదుట దోషిగా నిలిచి, తన మాట తాను చెప్పి, భార్యతో వెలుపలికి నడచును. ఆ యుపన్యాసము కొంత దీర్ఘము. అయినను మేము కదలక వింటిమి.

ఈ యేడు జూను మాసమున ఒక లారీ డ్రైవరు తన కుమార్తెను చేర్పింపవలెనని మా పాఠశాలకు వచ్చెను. “గుర్తుపట్టారా, మాస్టారూ?” అని నవ్వెను. గుర్తుపట్టితిమి. “మా అమ్మాయి ఒక్కరోజు కూడ బడి మానదండి” అనెను. ఆమె పేరును మా చేతితోనే పట్టీలో వ్రాసితిమి. చెప్పవలసిన మాట ఆనాడు నోట రాలేదు. సంచిక వెలువడిన దినమున ఆ బాలిక తన ప్రతిని ఇంటికి తీసికొనిపోవును.