ఉప్పాడ తీరము

మేనకోడలి పెండ్లికి చీరలు కొనవలెనని మొన్న కాకినాడనుండి ఉప్పాడకు బయలుదేరితిమి. ఉప్పాడ జమ్దానీ పేరు వినని సోదరి మనలో నుండదు. 2009వ సంవత్సరమున వానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయినను దారిలో చూచినది కొంతసేపు చీరల మాట మరపించినది.

ఊరు కాకినాడకు ఇంచుమించు ఇరువది కిలోమీటర్లు. దారి సముద్రము నంటియే పోవును. ప్రక్కను బండరాళ్ల వరుస, దాని కావల కెరటములు. తుపాను దినములలో నీరు దారిమీదికే వచ్చి రాకపోకలు నిలిచిపోవును.

ఊరి మొదట చేపలెండబెట్టుచున్న యొక ముసలమ్మను, "మీ యిల్లు ఎక్కడమ్మా?" అని అడిగితిని. ఆమె నీటివైపు చేయి చూపినది.

"అదుగో, ఆ కెరటం విరుగుతోంది చూశారా అమ్మగారూ, అక్కడ నా పెళ్లి పందిరి వేశారు. ఇప్పుడున్నది మూడో ఇల్లు."

అని, కాకులను తోలుకొనసాగినది. నాకు మాట తోచలేదు.

ఇల్లు నడుపు మనకు ఈ సంగతి సులభముగనే బోధపడును. రాబడి తగ్గి, ఖర్చు తగ్గనిచో గాదె వట్టిపోవును గదా! నైరృతి గాలుల కాలమున కెరటములు తీరపు టిసుకను ఉత్తరమునకు నెట్టుకొనిపోవును. శీతకాలమున కొంత వెనుకకు వచ్చినను పోయినదే యెక్కువ. ఆ లోటు తీర్చవలసినది గోదావరి. నదిపైని, ఉపనదులపైని జలాశయములు ఒండ్రును పట్టియుంచుచున్నవి. వచ్చిన యిసుకలోను చాలభాగము కాకినాడ యెదుట హోప్ ఐలాండు అను దిబ్బయొద్ద నిలిచిపోవును. గత రెండువందల యేండ్లలో పెరిగిన యా దిబ్బ పొడవు సుమారు 16 కిలోమీటర్లు. అది కాకినాడను కెరటముల నుండి కాచుచున్నది. ఉప్పాడకు మాత్రము సవతితల్లి యైనది.

2010 ప్రాంతమున దళసరి బట్టతో చేసిన పెద్ద గొట్టములలో ఇసుక నింపి, తీరము వెంట పరచి, రాళ్లు కప్పిరి. కొన్నియేండ్లకు కెరటములు వానిని పలుచోట్ల చీల్చినవి. రాతికట్ట తన వెనుకనున్న దానిని కాచును గాని, ముందున్న యిసుకను నిలుపలేదు. కట్ట ముగిసినచోట నీరు మరింత లోపలికి కొరుకును. అట్లని రాళ్లు వలదనుటకు నాకు నోరు రాలేదు. ఈ రాత్రి గోడ కూలునేమోయని మేలుకొని యుండు ఇల్లాలికి రేపటి ఇసుకకన్న నేటి రాయి మేలు.

కాని యిసుకను కాచునది ఇసుకయే. తీరమున బాలబందితీగ ప్రాకిన దిబ్బలు గాలికి లేచిన రేణువులను పట్టి పెరుగును. తుపానునాడు కొంత కరగి, కెరటముల యుద్ధృతిని తగ్గించును. మనము ఇల్లు కట్టుకొనుటకు బండ్లకొలది తోలించునది ఒక్కొక్కచోట ఆ దిబ్బలనే. విశాఖపట్టణమున రేవుకడ త్రవ్విన యిసుకను మరల తీరమున పోయించుచున్నారు. ఆ పని ఒకసారితో తీరునది కాదు.

తిరుగు దారిలో ముసలమ్మ చేపలు తట్ట కెత్తుచుండెను. "చీరలు దొరికాయా అమ్మా?" అని తానే పలుకరించినది. మూట విప్పి చూపితిని. తడిచేయి పమిటకు తుడుచుకొని, అంచు ముట్టి చూచి, "పెళ్లి ఎప్పుడు?" అని అడిగినది.