చక్రాల మీద చాకిరేవు

మా మావగారికి నా వృత్తి పేరు చెప్పాలంటే మహా ఇబ్బంది. పెళ్ళిళ్ళలో ఎవరైనా, "మీ అల్లుడుగారేం చేస్తున్నారండీ?" అని అడిగితే, ఆయన కండువా సర్దుకుని, రెండుసార్లు దగ్గి, "హైదరాబాదులో ఏదో వ్యాపారం లెండి... మెషినరీ" అంటారు. ఆ మెషినరీ ఏమిటయ్యా అంటే 45 కిలోల బరువున్న నీళ్ళయంత్రం. దాన్ని ఒక పాత మారుతీ ఓమ్ని వ్యానులో వేసుకుని, ఇంటింటికీ వెళ్ళి, జనం సోఫాలూ తివాసీలూ కడిగిపెడుతుంటాను. మా అమ్మకు మాత్రం దాపరికం తెలియదు. మొదటిసారి వ్యాను చూడగానే, "అయితే చక్రాల మీద చాకిరేవు పెట్టావన్నమాట" అంది. ఆ పేరు నాకు తెగ నచ్చింది. వ్యాను వెనక రాయిద్దామనుకున్నాను గాని మా ఆవిడ పడనివ్వలేదు.

2020 మార్చి దాకా నేనొక హోటల్లో హౌస్‌కీపింగు సూపర్‌వైజరుని. ఆ నెల 25న దేశమంతటికీ తాళం పడింది. దాంతోపాటు మా హోటలుకీ పడింది. మూడు నెలలు సగం జీతం ఇచ్చారు, నాలుగో నెల నమస్కారం పెట్టారు. చేతిలో ఉన్న విద్య ఒక్కటే, తివాసీలు కడగడం. మా ఆవిడ గాజులు తాకట్టుపెట్టి యంత్రం కొన్నాను. వ్యానేమో తెలిసినవాళ్ళ దగ్గర వాయిదాల మీద తీసుకున్నాను. ఓమ్నీల తయారీ 2019లోనే ఆగిపోయింది గనక, కొత్తది కొందామన్నా దొరికే బండి కాదు. దాని పక్కతలుపు వెనక్కి జరుగుతుంది చూశారూ, అదే నాకు పెన్నిధి. ఎంత ఇరుకు సందులోనయినా గోడవారగా నిలిపి సామాను దింపుకోవచ్చు.

అమెరికాలో ఈ పని చేసేవాళ్ళకు యంత్రం వ్యానులోనే బిగించి ఉంటుందట. బండి ఇంజను బలంతోనే అది నడుస్తుంది, ఆ వేడితోనే నీళ్ళు కాగుతాయి. వాళ్ళు వీధిలోంచే ఓ పొడుగాటి గొట్టం గుమ్మంలోంచి లోపలికి లాక్కుపోయి పనిచేసుకుంటారు. ఇంటివాళ్ళ కరెంటుతో పనిలేదు. మన అపార్టుమెంట్లలో పన్నెండో అంతస్తుకి ఆ గొట్టం ఎలా ఎక్కుతుంది? అందుకని మనకు మోసుకుపోయే యంత్రమే గతి. అంటే ఏమిటన్నమాట? యంత్రం నాది, కరెంటు వాళ్ళది, నీళ్ళు వాళ్ళవి. ముక్కూ మొహం తెలియనివాణ్ణి పడగ్గదిదాకా రానిచ్చి, తమ కరెంటుతో తమ నీళ్ళతో తమ వస్తువే తడపమని అప్పగిస్తారు. ఇది ఎంతటి అప్పగింతో మొదటి రెండేళ్ళూ నాకు బోధపడలేదు.

యంత్రం పనిమాత్రం తేలికే. రెండు తొట్లుంటాయి. ఒకదాంట్లో మంచినీళ్ళు పోస్తాం. పంపు వాటిని సన్నని గొట్టంలోంచి తివాసీ మీద చిమ్ముతుంది. లావుపాటి గొట్టం ఆ నీళ్ళను మురికితో సహా పీల్చి రెండో తొట్లో పోస్తుంది. ఒకసారి తడుపుతూ లాగితే, రెండుసార్లు ఉత్తగా పీలుస్తూ లాగాలి. తడపడం ఎవడికైనా వచ్చు. ఆరబెట్టడంలోనే ఉంది విద్యంతా. అడుగున తడి మిగిలిపోయిందా, దీపం వత్తి నూనె పీల్చినట్టు పోగులు ఆ మురికిని మళ్ళీ పైకి పీలుస్తాయి. సాయంత్రం పోయిన మరక మర్నాటి పొద్దుటికి నవ్వుతూ ప్రత్యక్షమవుతుంది. జనం దీన్ని 'స్టీమ్ వాష్' అంటారు. ఇందులో ఆవిరి లేదు, ఉన్నది వేణ్ణీళ్ళే. మొదట్లో అందరినీ సరిదిద్దేవాణ్ణి. బేరాలు తగ్గడంతో ఇప్పుడు నేనూ స్టీమే అంటున్నాను.

ఇక కరెంటు. నా యంత్రంలో పీల్చే మోటార్లు రెండూ కలిపి 2400 వాట్లు. 230 వోల్టుల మీద పదిన్నర ఆంపియర్లు. నీళ్ళు కాచే హీటరు మరో 1800 వాట్లు, అంటే ఇంకో ఎనిమిది. మొత్తం పద్దెనిమిది దాటింది. ఇళ్ళలో గీజరుకీ ఏసీకీ పెట్టే పెద్ద ప్లగ్గు మోసేది పదహారే! కాబట్టి రెండు తీగలు, రెండు వేరు వేరు ప్లగ్గుల్లో పెట్టాలి. అవి వేరని ఇంటాయన ప్రమాణం చేసి చెబుతారు. చేసిన మరుక్షణం ఫట్‌మని ఇల్లంతా చీకటి! ఓసారి కూకట్‌పల్లిలో ఒక తాతగారు క్రికెట్టు చూస్తున్నారు. చివరి ఓవరు, గెలవడానికి నాలుగు పరుగులు కావాలి. అప్పుడు మీట నొక్కాను. నేను దీపాలు వేసేసరికి ఆట ముగిసింది. ఆయన ఆ రోజు నావంక చూసిన చూపు కాళ్ళు విరిగేదాకా మరిచిపోను. అప్పట్నుంచి ముందు మీటర్ల పెట్టె తెరిచి చూసి, ఆ తరవాతే గొట్టాలు విప్పుతాను.

నీళ్ళ కథ ఇంకోటి. హైదరాబాదు బోరునీళ్ళలో సున్నం జాస్తి. రెండు నెలలకోసారి హీటరుని నిమ్మఉప్పుతో కడగకపోతే లోపల పెచ్చు కడుతుంది. ఎండాకాలంలో ఆ బోరునీళ్ళు కూడా ఉండవు. ట్యాంకరు కోసం కాచుకున్న ఇంట్లో, "అమ్మా, 40 లీటర్లు కావాలి" అని అడగాలంటే నోరు రాదు. అందుకని వ్యానులో రెండు డబ్బాల నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. వాటిని మోసేది మా బావమరిది. డిగ్రీ తప్పి మా ఇంట్లో ఉంటున్నాడు. "బావా, ఇది ఉద్యోగమా, కావిడా?" అని వాడి ప్రశ్న.

అయితే ఈ పనిలో ఒక దివ్యమైన ఘట్టం ఉంది. అది మురికినీళ్ళ దర్శనం. పని ముగిశాక రెండో తొట్టి మూత తీసి చూపిస్తాను. కాచి కాచి వదిలేసిన టీ డికాక్షనులా నల్లటి నీళ్ళు! ఇల్లాలు ముక్కుమీద వేలేసుకుని, పక్కింటావిణ్ణి పిలుచుకొస్తుంది. పక్కింటావిడ, "మా ఇంట్లో ఇంత ఉండదులెండి" అంటూనే మర్నాటికి నన్ను రమ్మంటుంది. తివాసీ ఎంత తెల్లబడినా చూడరు గాని, ఆ నల్లనీళ్ళు చూడకపోతే ఎవరికీ డబ్బిచ్చినట్టుండదు.

ఇంతకీ నేను చెప్పదలచింది మారేడుపల్లి సంగతి. ఇన్ని డొంకతిరుగుళ్ళు తిరగడానికి కారణం, అది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేయడమే.

2022 వేసవిలో ఒక పెద్దావిడ ఫోను చేసింది. లెక్కల టీచరుగా రిటైరయింది. భర్త పోయి ఆరేళ్ళయిందట. రెండ్రోజుల్లో మనవరాలి నిశ్చితార్థం. హాల్లో పరిచే తివాసీ కడగాలంది. ఆ రోజు నాకు మూడు చోట్ల పని ఒప్పుదల. మొదటిచోట కరెంటు పోయి పదకొండింటిదాకా కూర్చోబెట్టింది. మారేడుపల్లి చేరేసరికి పన్నెండు. మూడంతస్తుల ఇల్లు, లిఫ్టు పనిచేయడం లేదు. యంత్రాన్ని చెరోవైపూ పట్టుకుని మెట్లన్నీ ఎక్కేసరికి నా వొంట్లో బుద్ధి అన్నది మిగల్లేదు.

తివాసీ విప్పి చూస్తే ఏలూరు నేత! మాది ఏలూరు దగ్గర పల్లె. చిన్నతనంలో మా నాన్న నన్ను తంగెళ్ళమూడి తీసుకువెళ్ళి చూపించాడు. నిలువు మగ్గం ముందు వరసగా కూర్చుని, నూలు పడుగు మీద ఉన్ని ముడి వెయ్యడం, చిన్నకత్తితో కొయ్యడం, మళ్ళీ ముడి వెయ్యడం. "రోజంతా నేస్తే బెత్తెడు" అన్నాడాయన. అలాంటి వస్తువు నా ముందర పరిచి ఉంది. గోధుమవన్నె నేల, ఎర్రటి పూలు, నీలం అంచు. ఆవిడ భర్త ఏలూరులో ఉద్యోగం చేసినప్పుడు కొన్నాడట.

ఉన్ని తివాసీకి మొట్టమొదట చేయవలసింది రంగుపరీక్ష. తడిపిన తెల్లగుడ్డ ఒక్కో రంగు మీదా ఒత్తి, పది నిమిషాలు ఆగి, గుడ్డకేమైనా అంటిందేమో చూడాలి. హోటల్లో పాతికమంది కుర్రాళ్ళకు నేర్పినవాణ్ణి నేనే. ఆ రోజు పది నిమిషాలు మిగుల్చుకుందామని మానేశాను. పైగా ఉన్నికి పనికొచ్చే మందు సీసా కింద వ్యానులో ఉండిపోయింది. మూడంతస్తులు దిగాలి. చేతిలో ఉన్నది ఆఫీసుల్లో నైలాను తివాసీలకు వాడే క్షారం మందు. అదే చల్లాను. దానిపైన వేణ్ణీళ్ళు కొట్టాను.

తడిసిన గొర్రెవాసన వచ్చింది. ఉన్నికి అది సహజమే. మూడోసారి లాగేసరికి ఎర్రపూలు కరగడం మొదలెట్టాయి. వక్క నమిలి ఉమ్మినట్టు గోధుమవన్నె మీదికి ఎరుపు పాకింది. గుండె జారి అరికాళ్ళలో పడింది.

మా బావమరిది చెవిలో గొణిగాడు: "బావా, ఆవిడకి చూపు అంతంతమాత్రం. ముందునుంచీ ఇలాగే ఉందందాం." వాణ్ణి తిట్టాను గాని, నిజం చెప్పొద్దూ, ఆ మాట వాడికంటే ముందు నాకే తట్టింది.

వంటింట్లోంచి ఆవిడ వచ్చి నిలబడింది. కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసింది. కోపగించలేదు. తప్పు లెక్క చేసిన కుర్రాణ్ణి అడిగినట్టు, "ఎక్కడో ఒక స్టెప్పు వదిలేశావు నాయనా. ఏది?" అంది.

చెప్పేశాను. రంగుపరీక్ష సంగతీ, సీసా సంగతీ, మెట్ల సంగతీ కూడా.

"సరే, ఇప్పుడేం చెయ్యాలి?"

చెయ్యవలసిందల్లా ఒకటే, అది ఆరకుండా చూడడం. ఆరితే ఎరుపు అక్కడే కాపురం పెడుతుంది. ఉన్నిరంగులు క్షారానికి సడలుతాయి, పులుపుకి నిలుస్తాయి. హీటరు ఆపి, చల్లటి నీళ్ళలో వెనిగరు కలిపి, కొట్టడం, పీల్చడం, మళ్ళీ కొట్టడం. మిగతా రెండు పనులకీ ఫోను చేసి రానని చెప్పాను. ఒకాయన మళ్ళీ పిలవనన్నాడు, పిలవలేదు కూడా. తొమ్మిదిసార్లు తొట్టి నింపాను. మా డబ్బాలయిపోయాయి, ఆవిడ వంటింటి బిందెలయిపోయాయి, చివరికి ఎదురింటివాళ్ళనడిగి తెచ్చాడు మా బావమరిది. ఆ రోజు మాత్రం వాడు కావిడి మాట ఎత్తలేదు. సాయంత్రం ఆరింటికి రెండు ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాం. ఎరుపు చాలామటుకు వెళ్ళింది. అయినా ఒక పక్క నాలుగు పూల చుట్టూ గులాబీ నీడ మిగిలిపోయింది.

"అమ్మా, దీని ఖరీదు చెప్పండి. వాయిదాల మీద ఇచ్చుకుంటాను" అన్నాను.

"నాకు తెలియదు నాయనా. కొన్నప్పుడు ఆయన నాకు చెప్పలేదు, చెబితే తిడతానని" అంది. తరవాత మా ఇద్దరికీ కాఫీ ఇచ్చింది. గులాబీ నీడ ఉన్న పక్కని సోఫా కిందికి జరిపించింది. నేను డబ్బు పుచ్చుకోలేదు. ఆవిడ ఇస్తాననీ అనలేదు. అదే బాగుంది.

ఆ రాత్రి మా ఆవిడ లెక్క అడిగితే సున్నా అని చెప్పాను. తరవాత చాలా రోజులు ఫోను మోగితే భయమేసేది. ఆ అపార్టుమెంటువాళ్ళ వాట్సాపులో ఆవిడ ఒక్క ముక్క రాస్తే మారేడుపల్లిలో నా వ్యాను ఆగడానికి చోటుండదు. కాని ఆ కాలనీలోంచి బేరాలు వస్తూనే ఉన్నాయి. ఆవిడ మాత్రం పిలవలేదు. అప్పట్నుంచి ఉన్నిమందు సీసా యంత్రానికే తాడేసి కట్టేశాను. నైలాను చాపకి కూడా గుడ్డ ఒత్తి చూస్తుంటే మా బావమరిది నవ్వుతాడు. నవ్వనీ.

ఎనిమిది నెలలు గడిచాయి. సంక్రాంతి వారం రోజులుందనగా ఫోను. "టీచరమ్మని నాయనా. తివాసీ దుమ్ము పట్టింది, వస్తావా?"

వెళ్ళాం. ఆ ఒక్క పనే పెట్టుకున్నాను ఆ రోజు. యంత్రం, నీళ్ళ డబ్బాలు, గొట్టాలు, అన్నీ పైకి చేర్చి చెమట తుడుచుకుంటూ ఉంటే, ఆవిడ తివాసీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. చేతిలో ఉతికి మడతపెట్టిన తెల్ల జేబురుమాలు. మగవాళ్ళది. నీళ్ళలో ముంచి, పిండి, నాకందించి, గోడ గడియారం వంక చూసింది.

ఎర్రపువ్వు మీద ఒత్తిపెట్టాను. పది నిమిషాలూ ఎవరం మాట్లాడలేదు. తీసి చూస్తే రుమాలు మీద సన్నటి గులాబీ చార.

"వచ్చిందా?"

"వచ్చిందండీ, కొంచెం."

"అయితే ఇవాళ నీళ్ళొద్దు" అంది ఆవిడ, తీర్పు చెప్పినట్టు.

ఉత్త దుమ్ము పీల్చే మోటారుతో తివాసీని ముందూ వెనకా రెండు గంటలు పీల్చి, వెనిగరు నీళ్ళలో పిండిన గుడ్డతో పైపైన తుడిచి లేచాను. మా బావమరిది నిండు నీళ్ళడబ్బాలు రెండూ చెరో చేత్తో ఎత్తుకుని మెట్ల వేపు నడిచాడు. లిఫ్టు అప్పటికీ బాగుచేయించలేదు.